పేర్లు కత్తిరించిన పాఠాలు

ఆ వానాకాలం చదువు మా ఇంటికి అట్టపెట్టెలో వచ్చింది. పార్సిల్ తెచ్చినతను మూడంతస్తులు మోసుకొచ్చి, గడపలో దించి, నడుము పట్టుకుని, "ఏముందండీ ఇందులో, ఇటుకలా?" అన్నాడు.

"నాలుగో తరగతి" అన్నాను.

పన్నెండు లెక్కల పుస్తకాలు, పన్నెండు భాష పుస్తకాలు, వాటి మీద 'బోధించేవారికి సూచనలు' అని దిండంత లావు పుస్తకం ఒకటి. వారానికొక జత చొప్పున పన్నెండు వారాల్లో అయిపోవాలి. మా పేటలో ఉన్న ఒక్క బడినీ పిల్లలు చాలడం లేదని మూసేశారు. ఇక మిగిలింది ఆరు గంటల ప్రయాణం దూరంలో ఉన్న హాస్టల్ బడి. నా మనవరాలికి తొమ్మిదేళ్లు. మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. అల్లుడు ఓడ మీద పని చేస్తాడు, ఏడాదికి రెండుసార్లు చుట్టంలా వచ్చి పోతాడు. పిల్లను ఇంట్లోనే చదివించుకుంటామని మా అమ్మాయి అర్జీ పెట్టింది. సరే అన్నారు గానీ ఒక షరతు పెట్టారు. వానలు వెనకబట్టే వేళకు విద్యాశాఖ నుంచి ఒకరు వచ్చి పరీక్ష పెడతారు. లెక్కల్లో ఇరవైకి పన్నెండు, భాషలో ఇరవైకి పన్నెండు రావాలి. ఏ ఒక్కదానిలో తగ్గినా ఇంటి చదువు అంతటితో సరి, పిల్ల హాస్టల్‌కి వెళ్లాల్సిందే.

"పగలో రాత్రో నాకెప్పుడూ డ్యూటీయే. చెప్పేదెవరు?" అంది మా అమ్మాయి పెట్టె చుట్టూ తిరుగుతూ.

"నేను చెబుతా."

"నువ్వా" అని అది అనలేదు. అనకపోవడమే గట్టిగా వినిపించింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరో ఏట. దానికి ముందూ తరవాతా కలిపి ముప్పై ఏళ్లు, బడిపిల్లల యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో గుడ్డ కోసే పని చేశాను. గుడ్డ మీద పరిచే కాగితపు ముక్కల మీద 'ముందు', 'వెనక', 'చెయ్యి', 'కాలరు' అని రాసి ఉండేది. అవి నాకు మాటలు కావు, బొమ్మలు. ఏ బొమ్మ ఏ ముక్క మీద ఉంటుందో గుర్తు పెట్టుకునేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు కోయలేదు. నాకు చదువు రాదన్న సంగతి మా మేస్త్రీకి కూడా తెలియదు. మధ్యాహ్నం అందరూ పేపరు తిరగేస్తుంటే నేనూ ఒక కాగితం పట్టుకుని, వాళ్లు నవ్వినప్పుడు నవ్వేదాన్ని.

మా అమ్మాయి నర్సు చదువుకు వెళ్లిపోయాక, ఇంట్లో మిగిలిపోయిన దాని పాత వాచకాలు ముందేసుకుని ఒక్కదాన్నే నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ కాగితం కంటపడినా వదలను, మందుల డబ్బాలో మడిచిపెట్టే చీటీతో సహా.

అందుకని ఆ పెట్టెలో ప్రతి పుస్తకాన్నీ పిల్ల ముట్టుకోకముందే నేను చదివాను. బాగున్నాయి. రంగురంగుల బొమ్మలు, పేజీకి పది లెక్కలు, పైన పెద్దక్షరాలతో పాఠం పేరు. కూడికలు. తీసివేతలు. గుణకారం. పేరు కింద ఒక లెక్క చేసి చూపించేవారు. పిల్ల దాన్ని చూసి మిగతావి చెయ్యాలి.

మనవరాలిని మేం బొంగరం అంటాం. కూర్చున్న చోట కూర్చునే రకం కాదు. కుట్టుమిషన్ పక్కన బల్ల వేసి దానికి చదువు మొదలుపెట్టాను. సూచనల పుస్తకం నా నోట్లో ప్రతి మాటా పెట్టేది. 'ఇప్పుడు చిరునవ్వుతో అడగండి.' 'ఇప్పుడు పిల్లను మెచ్చుకోండి.' నేను వరస మీద వేలు పెట్టుకుని చూసి, అలాగే చేసేదాన్ని.

"అమ్మమ్మా, చిరునవ్వు ఇక చాలు. పళ్లసెట్టు ఊడి పడుతుంది" అనేది బొంగరం.

మొదటి వారం లెక్కల్లో ఇరవైకి ఇరవై. రెండో వారం ఇరవైకి ఇరవై. మా అమ్మాయి ఆ కాగితాలు గోడకు అంటించి, డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే వాటిని చూసేది. నేను మాత్రం అంతా సాఫీగా సాగుతుంటే నిలవలేని మనిషిని. ఎక్కడో కుట్టు ఊడుతోందనే అనిపిస్తూ ఉంటుంది.

మూడో వారం నా కొలత టేపు తిరగేసి చుట్టి కనిపించింది. ఒకటో అంకె పైకి ఉండేలా చుట్టడం నా అలవాటు. ఎవరో వాడారు. ఎందుకు వాడారో ఆ సాయంత్రమే తెలిసింది. వంటింట్లో ఉప్పు సీసా కింద ఒక ఫారం ఉంది. హాస్టల్ బడిలో చేరడానికి ఫారం.

మా అమ్మాయి దాన్ని దాచలేదు. దాచాలని తోచి ఉండదు. అది పుట్టినప్పటి నుంచి ఇంట్లోకి వచ్చిన కాగితాలన్నీ ఉప్పు సీసా కిందే ఉండేవి, నేను వాటి జోలికి పోయేదాన్ని కాదు. ఏ కాగితం ఎవరి నుంచి దాచాలో, ఎవరి నుంచి దాచక్కర్లేదో చిన్నప్పుడు పడిన అలవాటే చెబుతుంది. నేను చదవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటినా, ఆ అలవాటు దానికింకా పోలేదు.

పిల్ల పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు, అన్నీ నింపి ఉన్నాయి. సంతకం ఒక్కటే లేదు. చేరే తేదీ అన్న చోట, పరీక్ష అయిన మరుసటి వారం రాసి ఉంది. కింద యూనిఫాం కొలతలు: పొడవు, నడుము, ఛాతీ.

నిలబడే రెండుసార్లు చదివాను. మూడోసారి చదివినప్పుడు కళ్లు ఛాతీ కొలత దగ్గర ఆగిపోయాయి. అంగుళమున్నర తక్కువ. బిగించి పట్టి కొలిచి ఉంటుంది. ఆ కొలతతో కుట్టిన చొక్కా వేసుకుంటే పిల్ల చెయ్యి పైకెత్తలేదు. తరగతిలో జవాబు తెలిసినా చెయ్యెత్తలేదు.

పెన్సిలు తీసి ఆ అంకె కొట్టేసి, పక్కన సరైనది రాశాను. రాసి, ఫారం ఎలా ఉన్నదాన్ని అలాగే ఉప్పు సీసా కింద పెట్టాను. మా అమ్మాయిని ఒక్క మాటా అడగలేదు. అడిగితే చెబుతుంది. చెబితే అది నిజమైపోతుంది.

ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ నన్ను మా మేనత్త ఇంట్లో దిగబెట్టి, "పది రోజుల్లో వస్తా" అంది. పదకొండేళ్లు ఉన్నానక్కడ. అప్పుడప్పుడూ అమ్మ ఎవరి చేతో రాయించిన ఉత్తరం వచ్చేది. మామయ్య అరుగు మీద కూర్చుని చదివేవాడు. "అందరం బాగున్నాం, బుద్ధిగా ఉండు." ఉత్తరం రెండు పేజీలున్నా అంతే, అరపేజీ ఉన్నా అంతే. నేను చదువు నేర్చుకునే నాటికి ఆ ఉత్తరాల్లో ఒక్కటీ మిగల్లేదు.

పరీక్షకు ఇంకా తొమ్మిది వారాలు ఉన్నాయి. పిల్లకు ఇరవైకి ఇరవై వస్తోంది. ఇలాగే గట్టెక్కిస్తే ఆ ఫారం ఉప్పు సీసా కిందే చెదలు పట్టిపోతుందనుకున్నాను.

నాలుగో వారంలో కిటికీ పైన కప్పు కారింది. నీళ్లు సరిగ్గా లెక్కల పుస్తకం మీద పడి, పేజీ పైన రంగు కలిసిపోయింది. పాఠం పేరూ, చేసి చూపించిన లెక్కా రెండూ పోయాయి. కింద లెక్కలు మాత్రం పొడిగా ఉన్నాయి.

బొంగరం పెన్సిలు కొరుకుతూ కూర్చుంది.

"చెయ్యవేం?"

"ఇదేం పాఠం, అమ్మమ్మా? గుణకారమా, భాగహారమా?"

"లెక్కలో రాసుంది కదే, చదువు."

"లెక్కెందుకు చదవడం? నువ్వు పేరు చెప్పు, చేసేస్తా."

చదివించాను. బుట్టలో ఇరవై నాలుగు పండ్లున్నాయి, ఆరుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని?

"గుణకారం పాఠమైతే నూట నలభై నాలుగు" అంది తడుముకోకుండా. "భాగహారమైతే నాలుగు."

"ఒక్కొక్కరికి నూట నలభై నాలుగు ఎక్కణ్నుంచి వస్తాయే? బుట్టలో ఉన్నదే ఇరవై నాలుగు."

"ఆ పాఠంలో అయితే అంతే వస్తాయి" అంది, నా తెలివితక్కువతనానికి జాలిపడుతూ.

భాష పుస్తకం తీసి, ముందురోజు చదివిన కథ మీద చెయ్యి అడ్డం పెట్టాను. "ఆ ముసలాయన సగం దారిలో ఎందుకు వెనక్కి తిరిగాడు?"

"ఏ ముసలాయన?"

జవాబు దాని నోటుపుస్తకంలో ఉంది. ఒత్తూ పొల్లూ తప్పకుండా ఉంది. ప్రశ్నలో మాటలు కథలో ఎక్కడున్నాయో వెతికి, ఆ వాక్యాన్ని ఎత్తి రాసింది. కథ చదవనే లేదు.

మరొకరైతే పిల్లకు బద్ధకం అనుకునేవారు. నేననుకోలేదు. చదవకుండానే చదివినట్టు కనబడే విద్య ఎంత కష్టమో, అందులో ఎంత తెలివి ఉందో నాకు తెలుసు. నలభై ఆరో ఏడు వచ్చేదాకా దాని మీదే బతికాను. పుస్తకం పైన పేరు పెట్టి, లెక్క చేసి చూపించి, దారి పొడుగునా బొమ్మలు గీసి ఉంచింది. పిల్ల ఆ బొమ్మలు గుర్తుపడుతోంది, అంతే. పరీక్షలో ఆ బొమ్మలుండవు.

ఆ రోజంతా పుస్తకాల ముందు కూర్చున్నాను. మరునాడు పొద్దున్నే కార్ఖానా కత్తెర తీశాను.

మా అమ్మాయి రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి బల్ల మీద, నేల మీద, కుట్టుమిషన్ మీద అంతా కాగితపు ముక్కలే. ఆరు లెక్కల పుస్తకాలు అప్పటికే అయిపోయాయి. ఏడోది నా చేతిలో ఉంది.

"అమ్మా" అంది గుమ్మంలోనే ఆగి. "ఏంటిది?"

"పాఠాల పేర్లు తీసేస్తున్నా. లెక్కలు ఉంచుతున్నా."

"పుస్తకాలమ్మా అవి."

"పుస్తకాలే. ఒక్క లెక్క కూడా పోలేదు. ఒక్కో లెక్క ఒక్కో ముక్క. అన్నీ కలిపి డబ్బాలో వేస్తా. అది కళ్లు మూసుకుని తీసుకోవాలి, ఏదొస్తే అది చెయ్యాలి. ఏ పాఠమో చెప్పేవాళ్లుండరు."

"చదువు చెప్పమంటే గుడ్డ కోసినట్టు కోసిపెట్టావా? ఆ పుస్తకాలు రాసినవాళ్లు వెర్రివాళ్లా?"

"వెర్రివాళ్లేం కాదు. లెక్కలు మంచివే. వరసే చెడగొట్టింది."

బొంగరాన్ని పిలిచి, అది చదివేసిన పాఠాల ముక్కలు మాత్రం డబ్బాలో వేసి, ఊపి ముందు పెట్టాను. అది ఇరవై ముక్కలు తీసి చేసింది. మా అమ్మాయి డ్యూటీ బట్టల్లోనే నిలబడి దిద్దింది. దిద్దుతున్నకొద్దీ దాని మొహం వాడిపోయింది.

"ఏడు" అంది. "ఇరవైకి ఏడు. నిన్నటిదాకా ఇరవైకి ఇరవై తెచ్చుకునే పిల్లకు నీ కత్తెరతో ఏడు చేశావమ్మా."

"నిన్న కూడా ఏడే. మనకు కనబడలేదు."

మా అమ్మాయి గోడ మీది కాగితాలు చూసింది, చేతిలో కాగితం చూసింది. అప్పుడు దాని కళ్లు ఒక్క క్షణం వంటింటి వైపు పోయి వచ్చాయి. నేను చూడనట్టు కత్తెర తుడుచుకున్నాను.

"ఎనిమిది వారాలుంది" అంది చివరకు. "ఏమన్నా తేడా వస్తే..."

"వస్తే కత్తెర నాది. నన్నను."

అలా అన్నానే గానీ, ఆ తరవాత నాకు ముద్ద దిగలేదు. పుస్తకం చెప్పినట్టు పోతే ఏమో, గట్టెక్కేదేమో. ఇప్పుడు పిల్ల దూరమైతే అది నా చేతులారా చేసిన పని. ప్రతి ఆదివారం ఇరవై ముక్కల పరీక్ష పెట్టేదాన్ని. తొమ్మిది. ఎనిమిది. పదకొండు. మళ్లీ తొమ్మిది. ఒక ఆదివారం పది వస్తే బొంగరం డబ్బాను కాలితో తన్ని, "నాకు పేర్లు కావాలి" అని ఏడ్చింది. ముక్కలన్నీ ఏరుకొచ్చి మళ్లీ డబ్బాలో పోశాను. "ఏడువు. ఏడ్చాక ఇంకోటి తియ్యి" అన్నాను. ఆ మాట సూచనల పుస్తకంలో లేదు.

ఒక పద్ధతి మాత్రం పెట్టాను. అంకెల మీద చెయ్యి వేసేముందు, లెక్కలో ఏం జరిగిందో నాకు కథలా చెప్పాలి. ఎవరి దగ్గర ఏముంది, ఎవరికిచ్చారు, చివరకు పెరిగిందా తగ్గిందా. చెప్పలేకపోతే పెన్సిలు ముట్టడానికి వీల్లేదు. కొన్ని వారాలకు అది లెక్కలతో పోట్లాడటం మొదలుపెట్టింది. "అమ్మమ్మా, నాలుగు గంటల్లో గోడ కట్టేశాడట. ఇంత అబద్ధమా" అనేది. నాకు లోపల కొంచెం ధైర్యం వచ్చింది. అబద్ధమని తెలియాలంటే చదివి ఉండాలి కదా.

భాషకు వేరే మందు వేశాను. కథ కింది ప్రశ్నలు వదిలేసి, "చేతిసంచి ఎలా కుట్టాలో రాయి. నువ్వు రాసింది రాసినట్టే కుడతా. నన్నేం అడగనివ్వకు, నువ్వేం చెప్పకు" అన్నాను.

గర్వంగా రాసిచ్చింది. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి నాలుగు వైపులా కుట్టాలట. అలాగే కుట్టిచ్చాను.

అటు తిప్పింది, ఇటు తిప్పింది. "దీనికి నోరేదీ?"

"నువ్వు రాయలేదు."

"సంచికి నోరుంటుందని నీకు తెలీదా?"

"నాకు తెలుసు. చదివేవాళ్లకు తెలియాలని ఏముంది? వాళ్లు ఎక్కడో ఉంటారు. నీ పక్కన కూర్చుని అడగడానికి లేదు. కాగితంలో ఉన్నదే వాళ్లకు దక్కేది."

రెండోసారి నోరు పెట్టించింది గానీ, పట్టుకునే పట్టీ నాలుగంగుళాలని రాసింది. బొటనవేలు తప్ప ఏదీ పట్టలేదు. మా అమ్మాయి దాన్ని చూసి, నెలల తరవాత కడుపారా నవ్వింది. మూడో సంచి సరిగ్గా వచ్చింది. దాన్నే భుజానికి తగిలించుకుని ఇల్లంతా తిరుగుతూ, "కాగితంలో ఉన్నదే దక్కుతుందని ఎవరన్నారు నీకు?" అని అడిగింది బొంగరం.

ఎవరూ అనలేదని చెబితే సరిపోయేది. కానీ జరిగిందంతా చెప్పేశాను. పది రోజులని దిగబెట్టడం, మామయ్య చదివిన ఉత్తరాలు, రెండు పేజీల్లోనూ ఒకే మాట ఉండటం. అది తిరగడం ఆపి విన్నది. అది అంతసేపు కదలకుండా ఉండటం అదే మొదటిసారి.

"మిగతాదంతా ఏం రాసిందో?" అంది.

"ఏమో."

"మామయ్యకు చదవడం వచ్చా, రాదా?"

నాకు ఆ అనుమానం అంతవరకూ రాలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు. కాగితం పట్టుకుని, చదివినట్టు నటించడం నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అయినా తోచలేదు.

చివరి ఆదివారం ఇరవైకి పదకొండు వచ్చింది.

పరీక్ష రోజు సన్నగా తుంపర పడుతోంది. వచ్చిన అధికారిణి నా కంటే పదేళ్లు చిన్నదేమో. తడిసిన గొడుగు గుమ్మం పక్కన ఆనించి, మోకాళ్లు పట్టుకుని, "ఇంటి చదువులు పెట్టుకునేవాళ్లంతా పై అంతస్తుల్లోనే ఉంటారు, నా ఖర్మ" అంది. కుర్చీలో కూర్చున్నాక బల్ల మీది డబ్బా, గుల్లైపోయిన పుస్తకాల అట్టలు చూసింది.

"వీటినెవరు కొరికారు? ఎలుకలా?"

"నేనండి" అన్నాను.

మా అమ్మాయి నేల చూసింది. ఆవిడ ఒక ముక్క తీసి చదివి, ఇంకొకటి తీసి చదివి, డబ్బా మూత పెట్టేసింది. మంచికో చెడుకో తెలియలేదు.

లెక్కల కాగితం అవగానే అక్కడే దిద్దింది. నేను కుట్టుమిషన్ దగ్గర నిలబడి ఆవిడ పెన్ను కదలడమే చూస్తున్నాను. అడ్డగీత ఎన్నిసార్లు, టిక్కు ఎన్నిసార్లు. చివరి లెక్క దగ్గర పెన్ను ఆగింది.

"పదకొండు వచ్చాయి" అంది. "ఇదొక్కటి మిగిలింది. పాపా, ఇక్కడ జవాబు రాయలేదేం?"

"రాశానండి" అంది బొంగరం.

ఆవిడ పైకి చదివింది. "దర్జీ దగ్గర పద్దెనిమిది మీటర్ల గుడ్డ ఉంది. ఆరు చొక్కాలు కుట్టాడు. ఎంత గుడ్డ మిగిలింది?" దాని కింద మనవరాలి రాత చదివింది. "ఒక్కో చొక్కాకు ఎంత పట్టిందో చెప్పలేదు. చొక్కాలు పిల్లలవో పెద్దవాళ్లవో కూడా చెప్పలేదు. ఈ లెక్క చెయ్యడానికి లేదు."

కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అచ్చువేసేటప్పుడు ఇందులో ఒక వాక్యం ఎగిరిపోయింది. నిన్నటివరకూ మేమూ చూసుకోలేదు. ఇప్పటికి పదకొండు ఇళ్లు తిరిగాను. కొందరు పన్నెండని రాశారు, కొందరు మూడని రాశారు. చెయ్యడానికి లేదని ఎవరూ రాయలేదు." పెన్ను మూత తీసి టిక్కు పెట్టింది. "పన్నెండు."

నేను మిషన్ చక్రం పట్టుకున్నాను.

భాషకు ఒకటే ప్రశ్న. ఏదైనా ఒక పని చేసే పద్ధతిని, ఆ పని తెలియని మనిషికి అర్థమయ్యేలా రాయాలి. బొంగరం సంచి గురించే రాస్తుందనుకున్నాను. ఒకటిన్నర పేజీ తల ఎత్తకుండా రాసింది.

అధికారిణి చదివింది. సగంలో ఒకసారి నా వైపు చూసింది. అయ్యాక కాగితం మా అమ్మాయికిచ్చి, "ఇది నేను ఆఫీసుకు తీసుకెళ్లాలి. వెళ్లేముందు మీరు చూడటం మంచిది" అంది.

మా అమ్మాయి చదివి, కాగితం చేత్తో పట్టుకునే కిటికీ వైపు తిరిగి నిలబడింది. అధికారిణి నన్ను చూసి, "మీకు చదివి వినిపించనా అమ్మా?" అంది మర్యాదగా.

"వద్దండి" అంది బొంగరం. "ఆమే చదువుకుంటుంది."

నా కళ్లజోడు తెచ్చి చేతికిచ్చింది.

పైన పేరుంది. 'నేను హాస్టల్‌కి వెళ్తున్నానని మా అమ్మమ్మకు చెప్పే పద్ధతి.'

'మా అమ్మమ్మ చేతిలో కత్తెర ఉన్నప్పుడు చెప్పకూడదు. ముందు కూర్చోబెట్టాలి. కళ్లజోడు ఇవ్వాలి, అది లేకపోతే ఆమెకు సరిగ్గా వినపడదు. పది రోజులు అనకూడదు. ఏ తారీఖున వెళ్తానో, ఏ తారీఖున వస్తానో రెండూ కాగితం మీద రాసివ్వాలి. వచ్చే తారీఖు తెలియకపోతే తెలియదని రాయాలి. అప్పుడు ఆమె "నాకేం, నేను బాగానే ఉంటా" అంటుంది. అది విని లేచి వెళ్లిపోకూడదు. ఇంకాసేపు కూర్చోవాలి. ఉత్తరాలు ఆమె పేరు మీదే వెయ్యాలి. పెద్ద అక్షరాలతో రాయాలి. వేరేవాళ్లు చదివి వినిపించకూడదు. యూనిఫాం ఆమెతోనే కుట్టించాలి. ఉప్పు సీసా కింద ఫారంలో ఛాతీ కొలత ఆమె దిద్దింది. అదే సరైన కొలత.'

నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు. వేలు పెట్టుకునే చదివాను. ఎవరూ తొందరపెట్టలేదు.

"భాషలో పద్దెనిమిది" అంది అధికారిణి లేస్తూ. "ఒత్తులు రెండు పోయాయి. ఇంటి చదువు కొనసాగించుకోవచ్చు. మానేసి బడిలో వేసుకున్నా మీ ఇష్టమే." గుమ్మంలో గొడుగు తీసుకుంటూ నన్ను చూసి, "అమ్మా, ఆ డబ్బాలో మొత్తం ఎన్ని ముక్కలుంటాయి?" అని అడిగింది.

"పదమూడు వందల పైన."

"అమ్మో" అని మెట్లు దిగింది.

మా అమ్మాయి వంటింట్లోకి వెళ్లింది. ఉప్పు సీసా జరిపిన చప్పుడు వినిపించింది. ఫారం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"కొలత దిద్దిన రోజే చూశానమ్మా" అంది. "నువ్వు చదివావని తెలిసింది. ఏదో ఒకటి అంటావని చూశా. తిడతావనుకున్నా."

"నువ్వే చెబుతావని నేను చూశా."

"ఏం చెప్పను? చేతనవుతుందో లేదోనన్న భయం. రాత్రి డ్యూటీలు, ఈ చదువు, నీ వయసు. రెండిట్లో ఏది తప్పో నాకే తెలియకపోతే నీకేం చెప్పను?"

"మీరిద్దరూ నన్ను అడుగుతారని నేను చూశా" అంది బొంగరం.

ఇద్దరం దాన్ని చూశాం. తొమ్మిది వారాలు ఆ ఒక్క కాగితాన్ని ముగ్గురం ఎవరికి వాళ్లం చదువుకుని, మళ్లీ సీసా కింద పెట్టేశాం.

"సరే, ఇప్పుడడుగుతున్నా" అంది మా అమ్మాయి, కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చుని. "వెళ్తావా?"

బొంగరం చాలాసేపు ఆలోచించింది. లెక్కను కథగా చెప్పుకునేటప్పుడు అలాగే పెదవులు కదుపుతుంది.

"ఎప్పటికైనా వెళ్తా. ఇప్పుడు కాదు. ఇంకా భాగహారంలో శేషం రావట్లేదు."

నా నోటిదాకా "నాకేం, నేను బాగానే ఉంటా" అన్న మాట వచ్చింది. మింగేశాను. "నువ్వు వెళ్లిన రోజు నాకు కష్టంగా ఉంటుంది. చాలా రోజులుంటుంది" అన్నాను. అరవై ఏళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. "అయినా చొక్కా నేనే కుడతా."

"తెలుసు. రాశా కదా" అంది.

మా అమ్మాయి ఫారాన్ని వెనక్కి తిప్పి అరచేత్తో సాపు చేసింది. "అమ్మా, వెనక తెల్లగానే ఉంది. పన్నెండంటే పన్నెండే వచ్చాయి. వచ్చే పరీక్షకు ఇంకా లెక్కలు కావాలి కదా. నువ్వు చెప్పు, నేను రాస్తా."

దర్జీ లెక్కతోనే మొదలుపెట్టాం. ఈసారి ఒక్కో చొక్కాకు ఎంత పట్టిందో రాయించాను. పది లెక్కలు పట్టాయి. రాయడం అయ్యాక కత్తెర నాకివ్వబోయి, మళ్లీ తనే పట్టుకుంది మా అమ్మాయి. దానికి కత్తెర పట్టడం రాదు. గీత మీద పోకుండా వంకర టింకరగా కోసింది. నేనేమీ అనలేదు.

ముక్కలన్నీ డబ్బాలో పడ్డాయి, వెనక ఛాతీ కొలత ఉన్నది తప్ప. దాన్ని నేను నా టేపులో చుట్టి పెట్టుకున్నాను. వచ్చే ఏటికి అది ఎలాగూ పనికిరాదు. పిల్లను మళ్లీ కొలవాల్సిందే.